పంటి బిగువు

మా అవ్వకు ఏ కష్టం వచ్చినా ఒకటే మాట: "పంటి బిగువున దాటేయాలిరా నాయనా." తాతయ్య పోయినప్పుడూ అదే మాట, మధురలో నీళ్లకు కటకటలాడిన ఎండాకాలాల్లోనూ అదే మాట. వింటూ పెరిగిన నేను దాన్ని ఒట్టి నుడికారమే అనుకున్నాను. పంటి బిగువు అన్నది నిజంగానే పళ్లకూ దవడకూ సంబంధించిన సంగతి అనీ, అది ముదిరితే నోరు తెరవడం కూడా కష్టమవుతుందనీ నా యాభై ఆరో ఏట తెలిసివచ్చింది.

ముందుగా ఒక మనవి. నేను డాక్టర్ని కాను. మధురలో బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆఫీసరై, ఊళ్లు తిరిగి తిరిగి ఇప్పుడు కోయంబత్తూరులో పనిచేస్తున్నవాణ్ణి. లెక్కల మనిషిని. నాకు జరిగింది, ఆ తరువాత కుతూహలం కొద్దీ చదివి తెలుసుకున్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. మన సంఘం కుటుంబాల్లో ఎవరికైనా పనికొస్తే సంతోషం.

మధురలో మాసి వీధుల వెనుక సందులో మా పాత ఇల్లు ఉంది. విశ్వనాథ నాయకుడు 1529లో మధుర పాలన చేపట్టినది మొదలు 1736 దాకా అక్కడ నాయకరాజుల ఏలుబడి. ఆ కాలంలోనూ ఆ తరువాతా దక్షిణానికి వచ్చి నిలిచిపోయిన తెలుగు కుటుంబాలలో మాదొకటి. మా ఇళ్లలో తెలుగు నోటిలో ఉంది కాని చేతిలో లేదు. మా అమ్మ చదువు తమిళ బడిలో అయిదో తరగతి వరకు. తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. నాకు మాత్రం బ్యాంకువారు బెజవాడకు బదిలీ చేసిన మూడేళ్లలో అక్షరాలు వచ్చాయి. అప్పటి నుంచీ ఒక అలవాటు ఏర్పడింది. ఆదివారం పొద్దున పది గంటలకు అమ్మకు ఫోను చేసి, ఈ పత్రికో మరే తెలుగు పుస్తకమో ఒక అరగంట చదివి వినిపిస్తాను. ఆమెకిప్పుడు ఎనభై రెండేళ్లు. అరవింద్ కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు బాగానే ఉంది. అయినా చదివే పని నాదే, వినే పని ఆమెది. ఆ అరగంట కోసం వారమంతా ఎదురు చూస్తుందని మా తమ్ముడు చెబుతుంటాడు.

అలాంటిది పోయిన సంవత్సరం ఫిబ్రవరి నుంచి మే దాకా నేను ఒక్క ఆదివారం కూడా చదవలేదు.

మొదటి సూచన కార్తీక వనభోజనాలలో కనబడింది. మురుకు కొరికితే ఎడమ చెవి దగ్గర టక్కుమని చప్పుడు. పక్కనున్న పిల్లవాడికి కూడా వినబడి నవ్వాడు, నేనూ నవ్వాను. సంక్రాంతి దాటేసరికి చెవి ముందు సన్నటి నొప్పి, పొద్దున లేవగానే కణతలు బరువు. ఫిబ్రవరిలో నోరు తెరిస్తే రెండు వేళ్లు పట్టడమే గగనమైంది. మార్చి నెల, లెక్కల ముగింపు. బ్యాంకులో పనిచేసేవారికి ఆ నెలలో తలనొప్పి లేకపోతేనే వింత గనుక పట్టించుకోలేదు. మాత్ర వేసుకుని పనికి పోయేవాణ్ణి. చెవిపోటనుకుని చెవి డాక్టరు దగ్గరకు పోతే, ఆయన లోపల దీపం వేసి చూసి, "చెవి శుభ్రంగా ఉంది. దవడ కీలు చూపించుకోండి" అన్నారు. దవడకు కీలుందన్న ఆలోచనే నాకు అంతవరకు రాలేదు.

చదువరులు ఒక పని చేయండి. రెండు చూపుడు వేళ్లూ చెవుల ముందు ఆనించి మెల్లగా నోరు తెరవండి. వేళ్ల కింద ఏదో జరిగినట్లు తెలుస్తుంది. అదే ఆ కీలు. మోచేతి కీలు తలుపు బందులాగా ఒక్క తీరున మడుస్తుంది. దవడ కీలు అలా కాదు, మొదట బందులాగా తిరిగి, తరువాత ముందుకు జారుతుంది. దవడ ఎముక తలకూ పుర్రెకూ మధ్య ఒక మెత్తటి బిళ్ల ఉంటుంది. అది చోటు తప్పి మళ్లీ చోటికి చేరేటప్పుడు వచ్చేదే సాధారణంగా ఆ టక్కుమనే చప్పుడు. నొప్పి లేకుండా చప్పుడు ఒక్కటే ఉంటే చాలామందికి చికిత్స అవసరం ఉండదట. ఇంకో విశేషం, కింది దవడ ఒకే ఎముక, దాని రెండు చివర్లా రెండు కీళ్లు. కాడికి కట్టిన జోడెద్దుల్లాగా ఒకటి కుంటితే రెండోదీ సరిగా నడవలేదు.

మా ఊళ్లో కొత్తగా వచ్చిన ఒక పెద్ద దంతవైద్యశాలకు వెళ్లాను. అక్కడ చూశాను, డిజిటల్ కాటు పరీక్ష. నిజం చెప్పాలంటే ముచ్చటపడిపోయాను. కోయంబత్తూరు నీళ్లు తాగినవాళ్లకు యంత్రమంటే మోజు. మన జి.డి. నాయుడుగారు మోటార్ల నుంచి క్షౌరపు బ్లేళ్ల దాకా తయారు చేసిన ఊరు ఇది. పంపుసెట్లూ, గ్రైండర్లూ దేశమంతటికీ పంపిన ఊరు. తెర మీద రంగుల బొమ్మ కనబడితే మాకు సగం జబ్బు నయమైనట్లే.

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. గుర్రపు లాడం ఆకారంలో ఒక పలచని ప్లాస్టిక్ రేకు, మందం మిల్లీమీటరులో పదోవంతు. దాని మీద అడ్డంగా నిలువుగా సన్నని గీతలుంటాయి. ఒత్తిడి పడిన చోట విద్యుత్తుకు ఆ గీతల అడ్డు తగ్గుతుంది, ఆ తేడాను కంప్యూటరు పట్టుకుంటుంది. రేకును పళ్ల మధ్య పెట్టి "కొరకండి" అంటారు. కొరగ్గానే తెర మీద ఒక్కో పంటి చోట ఒక్కో స్తంభం లేస్తుంది, తక్కువ ఒత్తిడికి నీలం, ఎక్కువకు ఎరుపు. ఏ పన్ను ముందు తగిలింది, ఏది తరువాత, సెకనులో నూరోవంతు లెక్కన సినిమా రీలులాగా ముందుకూ వెనక్కూ నడిపి చూపుతారు. కింద కుడివైపు ఎంత శాతం, ఎడమవైపు ఎంత శాతం అన్నది అంకెల్లో పడుతుంది.

ఇది రాకముందు, ఇప్పటికీ చాలాచోట్ల, వాడేది నీలం రంగు కాగితం. కొరికితే పంటి మీద మచ్చ పడుతుంది. పెద్ద మచ్చ ఉన్నచోట ఎక్కువ బరువు పడుతోందని అనుకునేవారు. అది అలా కాదనీ, మచ్చ పరిమాణానికీ బరువుకూ పొంతన లేదనీ 2007లో ఒక పరిశోధన చూపింది. కాగితం ఎక్కడ తగిలిందో చెబుతుంది, ఎంత, ఎప్పుడు అన్నవి చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి అమెరికాలో విలియం మేనెస్ అనే దంతవైద్యుడూ ఆయన సహచరులూ ఈ కంప్యూటరు పద్ధతిని తయారు చేసి 1987లో పత్రికకెక్కించారు. టీ-స్కాన్ అనే పేరుతో అది ఇప్పుడు మన దేశంలోనూ అనేక చోట్ల ఉంది.

నా అంకెలు వచ్చాయి. ఎడమ 68, కుడి 32. దవడ పక్కకు జరిపితే వెనుక పళ్లు అర సెకనులోపు విడిపోవాలట, నాకు ఒకటిన్నర సెకన్లు పట్టింది. ఆ డాక్టరుగారు ఓపికగా చెప్పారు: "ఎడమవైపు ఎక్కువ భారం పడుతోంది. అందుకే కండరం అలిసిపోయి నొప్పి. ఆరు పళ్లు కొద్దికొద్దిగా అరగదీసి, రెండు పళ్లకు తొడుగులు వేస్తే ఇరువైపులా సమానమవుతుంది." ఖర్చు లక్షా ఎనభై వేలు. తరువాతి శుక్రవారానికి రోజు కూడా ఖాయం చేశారు. ఆయన మోసగాడని నేననను. యంత్రం చూపినదాన్ని ఆయన నమ్మారు, ఆయనను నేను నమ్మాను. అంకెల మనిషికి అంకెలు చూపిస్తే ఇంకేం కావాలి?

ఇంటికొచ్చి బొమ్మ అచ్చును మా ఇంటావిడకు చూపించాను. ఆమె రంగులు చూడలేదు. "అరగదీసిన పన్ను మళ్లీ మొలుస్తుందా అని అడిగారా?" అంది.

అడగలేదు. మరునాడు ఫోను చేసి అడిగితే, పంటి పైపొర ఒకసారి పోతే తిరిగి రాదన్నారు. ఆ మాట నన్ను ఆపింది. బ్యాంకులో తప్పు పద్దు పడితే ఎదురు పద్దు వేసి సరిచేస్తాం. పంటికి ఎదురు పద్దు లేదు. అలాంటి పని చేసే ముందు ఇంకొక సంతకం కావాలనిపించింది. శుక్రవారం వాయిదా వేశాను.

సరిగ్గా అదే సమయానికి తమ్ముడి ఫోను వచ్చింది. "అన్నా, అమ్మ రెండు రోజులుగా అన్నం సరిగా తినలేదు. నువ్వు కోపంగా ఉన్నావని ఏడుస్తా ఉంది."

దానికి వెనుక కథ ఉంది. దీపావళికి వెళ్లినప్పుడు తమ్ముడు మధుర ఇల్లు అమ్మేద్దామన్నాడు. వాడి కూతురి చదువుకు డబ్బు కావాలి. అమ్మ "మీ ఇష్టం నాయనా" అంది. నేను ఏమీ అనలేదు, కోయంబత్తూరు బస్సెక్కేశాను. ఆ తరువాత చదవడం ఆగింది. దవడ నొప్పని చెబితే అమ్మ కంగారు పడుతుందని "పని ఎక్కువగా ఉందమ్మా" అని రెండు ముక్కలతో ఫోను పెట్టేసేవాణ్ణి. అసలే నోరు పెగలదు, ఆ రెండు ముక్కలు కూడా పళ్ల సందులోంచి వచ్చినట్లుండేవి. అమ్మ ఈ రెండూ కలిపి లెక్క వేసుకుంది. తాను తమ్ముడి పక్షం మాట్లాడిందని నాకు కోపం వచ్చిందని తేల్చుకుంది. మూడు నెలలు ఆ లెక్క మోసింది.

మే నెలలో సెలవు పెట్టి మధుర వెళ్లాను. అమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది.

"ఏమిరా, నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నావా?"

"లేదమ్మా. దౌడ పట్టేసింది. నోరు తెరవలేకున్నాను."

"దౌడా? ఇన్ని నెలలు ఒక్క మాట చెప్పలేదే!" అని నా చెంప పట్టుకుని చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. సాయంత్రం దాకా ఆ ముఖం తేటపడలేదు.

సోమవారం తమ్ముడు తనకు తెలిసిన ఒక దంతవైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాడు. నా మాట వినగానే "మీరు మనోళ్లేనా అన్నా?" అని తెలుగులోకి దిగింది. వాళ్లదీ మధుర పక్క పాత తెలుగు ఇల్లే. నేను జేబులోంచి రంగుల అచ్చు తీసి చాపాను. ఆమె దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, "ఇది తరువాత చూద్దాం. ముందు మిమ్మల్ని చూడాలి గదా" అంది.

మొదట అడిగింది గుండె సంగతి. మెట్లెక్కినప్పుడు నొప్పి పెరుగుతుందా, ఛాతీలో బరువుందా, చెమటలు పడుతున్నాయా అని. దవడ నొప్పి కొన్నిసార్లు గుండె నుంచి వస్తుందట, అలాంటప్పుడు దంతవైద్యుల దగ్గర కాలయాపన చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలట. కొత్తగా వచ్చిన తలనొప్పి, చూపు మసక, జ్వరం, వాపు, తిమ్మిరి ఉన్నాయా అని కూడా అడిగింది. ఏవీ లేవని తేలాక స్కేలు పెట్టి నోరు కొలిచింది. ఇరవై ఏడు మిల్లీమీటర్లు. మామూలు మనిషికి నలభై దాకానో అంతకు మించో ఉండాలి. మూడు వేళ్లు నిలువుగా పట్టాలని ఇంటి లెక్క. తరువాత చెంపల మీద, కణతల మీద వేళ్లతో నొక్కుతూ పోయింది. దవడ మూల దగ్గర నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. "ఇదే ఆ నొప్పి" అని అరిచాను. "కీలు కంటే కండరమే ఎక్కువ బాధపడతా ఉంది" అంది.

అప్పుడు ఒక ప్రశ్న వేసింది. "అన్నా, ఇప్పుడు నోరు మూసుకుని ఉన్నారు గదా. లోపల పళ్లు తగులుతా ఉండాయా?"

తగులుతున్నాయి. తగలడమేమిటి, బిగిసి ఉన్నాయి.

"తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్లు తగలకూడదు. రోజంతా లెక్కేస్తే కొన్ని నిమిషాలే. పెదాలు మూసి, పళ్లు విడిచి, నాలుక అంగిట్లో. అది దవడకు విశ్రాంతి." నాకు ఈ చిన్న విషయం యాభై ఆరేళ్లుగా తెలియదు. నోరు మూసుకోవడమంటే పళ్లు మూసుకోవడమనే అనుకున్నాను. "దేనికి బిగిస్తున్నారు? ఆఫీసా, ఇల్లా?" అని అడిగింది. నేను ఆఫీసన్నాను. తమ్ముడు పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఆమె యంత్రాన్ని తోసిపుచ్చలేదు. తన దగ్గరా ఉంది. దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో చెప్పింది. కొత్త తొడుగు వేసినప్పుడు, బ్రిడ్జి కట్టినప్పుడు, ఎముకలో ఇంప్లాంటు దిగ్గొట్టినప్పుడు ఎత్తు సరిచూడడానికి అది బాగా పనికొస్తుంది. సొంత పంటి వేరు చుట్టూ మెత్తటి పొర ఉంటుంది, ఇంప్లాంటుకు అది ఉండదు గనుక అక్కడ కొలత మరీ ముఖ్యం. కాని నొప్పికి కారణమేమిటన్నది యంత్రం చెప్పదు. పైగా నొప్పి ఉన్న మనిషి నొప్పి తప్పించుకుంటూ వంకరగా కొరుకుతాడు. కాబట్టి ఆ 68 నొప్పికి కారణమో, నొప్పి వల్ల వచ్చిన ఫలితమో బొమ్మ చూసి తేల్చలేం. "వాపు దిగనీయండి, మళ్లీ కొలుద్దాం" అంది.

ఆ మాటతో నాకు మా వాణిజ్యశాస్త్రం అయ్యవారు గుర్తొచ్చారు. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయినంత మాత్రాన పుస్తకాలు సరైనవని అర్థం కాదని మొదటి సంవత్సరంలోనే నేర్పారు. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేయవచ్చు, పద్దు తప్పు ఖాతాలో పడినా మొత్తాలు సరిపోతాయి. అలాగే మొత్తాలు సరిపోకపోతే ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది తప్ప, ఎవరు తప్పు చేశారో తెలియదు. ఇంకొకటి కూడా నాకే తట్టి ఉండాల్సింది. ఆ యంత్రం చూపేది వాటాలు మాత్రమే. నేనెంత గట్టిగా కొరికానన్న అసలు మొత్తం అందులో లేదు. మొత్తం తెలియకుండా వాటాలు చూసి అప్పు మంజూరు చేసే ఆఫీసర్ని నేనైతే నిలబెట్టి కడిగేస్తాను. నా నోటి విషయంలో ఆ పనే చేయబోయాను.

తరువాత మా అమ్మాయి సాయంతో కొంత చదివాను. ఈ వాదం తొంభై ఏళ్ల నాటిది. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుడు, పళ్లు పోయి కాటు కుంగిపోవడం వల్లనే దవడ కీలు, చెవి నొప్పులు వస్తాయని రాశారు. అప్పటి నుంచి కాటు సరిచేస్తే నొప్పి పోతుందన్న నమ్మకం దంతవైద్యంలో బలంగా నాటుకుంది. అయితే 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన సదస్సు, కాటును శాశ్వతంగా మార్చే చికిత్సలను ఉన్న ఆధారాలతో సిఫారసు చేయలేమంది. 2010లో అమెరికా దంత పరిశోధన సంఘం, రోగ నిర్ణయానికి రోగి చెప్పేదీ, వైద్యుడు చేతితో చూసేదీ ప్రధానమనీ, ముందుగా వెనక్కు తీసుకోగల చికిత్సలే చేయాలనీ ప్రకటించింది. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకం దీర్ఘకాలపు దవడ నొప్పికి దవడ వ్యాయామాలు, చేతితో కండరాలు సడలించడం, మనసు అలవాట్లను దిద్దే శిక్షణ, ఇంటి జాగ్రత్తలు వీటికే పెద్దపీట వేసింది.

రెండో పక్షం కూడా చెప్పాలి, లేకపోతే ఆడిట్ పూర్తి కాదు. బోస్టన్ దంతవైద్యుడు రాబర్ట్ కెర్‌స్టీన్ 1990ల మొదటి నుంచీ, పక్కకు జరిపినప్పుడు వెనుక పళ్లు త్వరగా విడిపోయేలా యంత్రం చూస్తూ అతి కొద్దిగా అరగదీస్తే కండరాల నొప్పి తగ్గుతుందని రాస్తున్నారు. మన పక్కనే బెంగుళూరులో ప్రఫుల్ల తూమాటి గారు వందమంది రోగులకు ఈ చికిత్స చేసి, మూడేళ్లు గమనించి, ఊరట కలిగిందని 2016లో మన దేశపు ప్రోస్థోడాంటిక్ సంఘం పత్రికలో ప్రచురించారు. అది ఒకే గుంపు మీద జరిగిన పరిశీలన, పక్కన పోల్చి చూడడానికి చికిత్స లేని గుంపు లేదు. దవడ నొప్పి చాలామందికి దానంతటదే తగ్గుతుంది గనుక ఆ పోలిక ముఖ్యం. నిపుణుల మధ్య చర్చ సాగుతూనే ఉంది. అది తేలేలోపు నా పళ్లు నేను తొందరపడి ఇవ్వనక్కరలేదని మాత్రం నాకు తేలింది.

డాక్టరమ్మ ఇచ్చిన చికిత్సలో మందు తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ. కొన్నాళ్లు మెత్తటి తిండి. రెండు పూటలా చెంపలకు వేడి కాపడం. నాలుక కొస అంగిటికి ఆనించి, జారకుండా నోరు మెల్లగా తెరవడం, మూయడం, రోజుకు ఆరుసార్లు, సారికి ఆరు. ఆవులింత వస్తే గడ్డం కింద చేయి పెట్టుకోవడం. ఫోను మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకోకపోవడం. అన్నిటికంటే ముఖ్యం, ఎర్రటి చిన్న బొట్టు బిళ్లలు. చేతి గడియారం మీద ఒకటి, బ్యాంకు కంప్యూటరు మీద ఒకటి, ఫోను మీద ఒకటి అంటించుకోవాలి. బిళ్ల కనబడినప్పుడల్లా పళ్లు విడవాలి. మొదటి రోజు నేను ఎన్నిసార్లు చూసుకుంటే అన్నిసార్లూ పళ్లు బిగిసే ఉన్నాయి. అంతగా సిగ్గుపడిన రోజు నాకు ఇంకోటి లేదు.

ఆ సోమవారం సాయంత్రమే అసలు చికిత్స జరిగిందని నా నమ్మకం, దీనికి శాస్త్రం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఇంటికి వచ్చాక అమ్మ పక్కన కూర్చుని, తమ్ముడు కూడా వినేలాగా, మెల్లగా, నోరు తెరిచినంత మేర చెప్పాను.

"ఇల్లు అమ్మడం నాకు ఇష్టం లేదమ్మా. వాడికి డబ్బు అవసరమని తెలుసు. కాదంటే వాడు నొచ్చుకుంటాడు, సరేనంటే నీకు కష్టం. అందుకని ఊరకున్నాను."

"ఊరకుంటే అందరమూ నొచ్చుకుంటిమి గదరా" అంది అమ్మ. కాసేపాగి, "ఇది చెప్పేదానికి నీకు డాక్టరు కావాల్సి వచ్చిందా?" అంది.

తమ్ముడు నవ్వాడు. నవ్వితే నాకు నొప్పి గనుక నేను నవ్వలేదు. పిల్ల చదువుకు విద్యారుణం సంగతి నన్ను ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేదని నేనన్నాను. "నువ్వు నోరు తెరిస్తే గదన్నా అడిగేది" అన్నాడు వాడు. అదీ నిజమే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఊళ్లోవాళ్లందరికీ అప్పులిప్పించిన నేను, సొంత తమ్ముడు నా ముందు నోరు మెదపలేనంత బిగుసుకుని ఉన్నానన్నమాట.

ఆరు వారాలకు నొప్పి సగానికి పైగా తగ్గింది. పదో వారానికి నోరు ముప్పైతొమ్మిది మిల్లీమీటర్లు తెరుచుకుంది. అప్పుడు డాక్టరమ్మ మళ్లీ యంత్రం పెట్టి కొలిచింది. ఎడమ 62, కుడి 38. నొప్పి దాదాపుగా పోయింది, అంకెలు మాత్రం పెద్దగా మారలేదు. ఈ ముక్క నేను చదువరులకు గట్టిగా చెప్పదలచుకున్నాను. అంకెలు సమానమైతేనే నొప్పి పోతుందన్న లెక్క నా విషయంలో తప్పింది. ఒక్కడి అనుభవం రుజువు కాదు, అయినా నా పళ్లు నాకు మిగిలాయి.

ఆ మిగిలిన తేడా ఎక్కడుందో చూడడానికి మాత్రం యంత్రమే సాయపడింది. రెండేళ్ల కిందట ఎడమ కింది దవడకు వేయించుకున్న తొడుగు ఒకటి అన్నిటికంటే ముందు తగులుతోందని సినిమా రీలులో కనబడింది. కాగితంతోనూ సరిచూసి, ఆ తొడుగును మాత్రం, పంటిని కాదు, రెండు నిమిషాలు నునుపు చేసింది. మళ్లీ కొలిస్తే 53, 47. ఇది యంత్రం చేయదగిన పని, చక్కగా చేసింది. ఖర్చు మొత్తం వేలల్లోనే ముగిసింది.

కాబట్టి మనవారికి నా సలహా ఇంతే. దవడ నొప్పి వస్తే దాచుకోవద్దు. యంత్రం పెట్టే ముందు చేతితో చూసే డాక్టరును వెతుక్కోండి. రంగుల బొమ్మ చూపి పళ్లు అరగదీద్దామంటే మూడు ప్రశ్నలు అడగండి: ఇది వెనక్కు తీసుకోగలిగే పనేనా? ఇంతకంటే చిన్న చికిత్స ముందు ప్రయత్నించామా? రెండో అభిప్రాయం వచ్చేదాకా ఆగితే నష్టమేమైనా ఉందా? మంచి డాక్టరెవరూ ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోరు.

మా అవ్వ మాటను నేను తప్పుపట్టడం లేదు. పంటి బిగువున దాటవలసిన రోజులు ఆమెకు నిజంగానే వచ్చాయి. దాటాక పళ్లు విడవాలని చెప్పేవారు మాకు లేకపోయారు, అంతే.

ఇంటి సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. పిల్లకు విద్యారుణం వచ్చింది, పైకప్పు మరమ్మతు ఖర్చు తమ్ముడూ నేనూ చెరిసగం వేసుకున్నాం. ఆదివారం చదువు మాత్రం జూలై నుంచి మళ్లీ మొదలైంది. ముందు పావుగంట చదివి, నీళ్లు తాగి, మిగతా పావుగంట చదువుతాను. ఫోను మీద ఎర్ర బొట్టు ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు దాని అవసరం పెద్దగా లేదు, ఎందుకంటే ఫోను ఎత్తగానే అమ్మే అడుగుతుంది.

"పళ్లు విడిచినావా?"

"విడిచినానమ్మా."

"అయితే చదువు."